గుమ్మటం స్వామి మా బావ

శ్రావణమాసం రెండో ఆదివారం, పొద్దున ఎనిమిది గంటలు. జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు పోయే దారిలో కంపెనీ వేసిన వెంచరు లోపల, పార్కు అని వాళ్లు బోర్డు పెట్టిన చోట, మా బావ సమాధి ముందర మా అక్కా నేనూ నిలబడి ఉన్నాం. ఆ పొద్దు ఏం జరిగిందో తలా ఒక రకంగా చెప్పుకుంటున్నారు. మా అపార్ట్‌మెంటు లిఫ్టులో కూడా చెప్పుకున్నారు, పక్కన నిలబడిన ముసలిది ఆయనకు మరదలని తెలియక. అందుకని జరిగింది జరిగినట్టు నేనే రాస్తున్నాను.

ముందు కంపెనీ సంగతి చెప్పాలి. ఇళ్లు కట్టి, ప్లాట్లు వేసి అమ్మే కంపెనీ అది. ఆఫీసు ప్రొద్దుటూరులో. మొదట బైపాసు పక్కన అపార్ట్‌మెంట్లు కట్టారు. తర్వాత పులివెందుల దగ్గర చీనీ తోటలు, అదే బత్తాయి తోటలు, కొట్టేసి విల్లాలు కట్టారు. మూడోది ఈ జమ్మలమడుగు దారిలో వేసిన ప్లాట్లు. ఒక్కోదానికి ఒక్కో ఇంగ్లీషు పేరు పెట్టారు. నేను అక్షరాలు నేర్చుకున్నది నా మనవరాలు బడికి పోవడం మొదలుపెట్టిన తర్వాత, అవీ తెలుగు అక్షరాలే. కాబట్టి ఆ పేర్లు నాకు తెలియవు. తెలిసినా రాసేదాన్ని కాదు.

నేనుండేది వాళ్లు కట్టిన మొదటి ఇళ్లలోనే. నా కొడుకు కొన్నాడు. ఇల్లు మంచిదే, లేదనను. గోడలు నిటారుగా ఉన్నాయి, నీళ్లు వస్తాయి, వానకు కారదు. అయితే కంపెనీ తాళాలు చేతికిచ్చి వెళ్లిపోతుంది. ఆ తర్వాత మనల్ని ఏలేది అసోసియేషను. అంటే ఆ ఇళ్లలో ఉండేవాళ్లే కొంతమంది కుర్చీలేసుకుని కూర్చుని, మిగతావాళ్లు ఏం చేయకూడదో చెప్పడం. మిద్దె మీద మిరపకాయలు ఎండబోయకూడదన్నారు. రోట్లో దంచకూడదన్నారు, కిందింటి వాళ్ల సీలింగు అదురుతుందట. ఒకసారి సంతలో కోడిని కొనుక్కొస్తే, ప్రాణమున్న కోడిని లిఫ్టులో ఎక్కించకూడదన్నారు. చంకలో పెట్టుకుని మెట్లెక్కాను. నడిమి దారిలో అసోసియేషను ప్రెసిడెంటు ఎదురుపడి నమస్కారం పెట్టాడు. కోడిని మాత్రం చూడనట్టే పోయాడు. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, అసోసియేషను అనే మాట వింటే నాకు కాళ్లు లాగుతాయి. జమ్మలమడుగు దారిలో కూడా అదే వచ్చి పడింది.

ఆ వెంచరు లోపల కొంత భాగం మా అక్క చేను. నల్లరేగడి. శనగ వేసేవాళ్లు, పత్తి వేసేవాళ్లు. రోడ్డు వైపు మూల మాత్రం కింద నాపరాయి ఉంది, ఏం వేసినా మొలిచేది కాదు. మా బావ చనిపోయినప్పుడు ఆ మూలకే తీసుకుపోయి పూడ్చిపెట్టాం. మావాళ్లలో కాల్చడం లేదు, ఎవరి చేన్లో వాళ్లను పూడ్చుకోవడమే. పంట పండని చోటు కాబట్టి అక్కడ పెట్టాం. ఇందులో వేరే మర్మం లేదు.

ఆయన పోయిన తీరు కూడా చెప్తాను. పేకాట నుంచి ఇంటికి వచ్చి, అరుగు మీద కూర్చుని, నీళ్లు తెమ్మన్నాడు. అక్కను అడగలేదు, గాల్లోకి అన్నాడు. అప్పటికి వాళ్లిద్దరికీ మాటల్లేవు. ఇంట్లో పాలిచ్చే ఎనుమును అక్కకు చెప్పకుండా అమ్మేశాడని పోట్లాట. అక్క చెంబుతో నీళ్లు తెచ్చేలోపల ఆయన లేడు. ఎనుమును ఎందుకు అమ్మాడో, ఎవరికి అమ్మాడో చెప్పకుండానే పోయాడు. ఆ ముండమోపితనం కంటే అక్కను ఆ సంగతే ఎక్కువ బాధ పెట్టింది. ఇన్నేళ్లలో నాతో ఎన్నిసార్లు అన్నదో, ఆయప్పతో ఇంకా మాట్లాడాల్సింది ఉందని. విన్నవాళ్లు దీన్ని ప్రేమ అనుకుంటారు. నేను అక్క వెనకాలే పుట్టి పెరిగినదాన్ని. అది పంచాయితీ తెగకపోవడం.

సమాధి కట్టింది ప్రొద్దుటూరు మేస్త్రీ, సాయిబు. మంచి పనివాడు. అప్పట్లో ఆయన పక్క ఊర్లో ఒక చిన్న దర్గా కట్టి వస్తున్నాడు. గుమ్మటం పోయడానికి చేసుకున్న చెక్క దిమ్మ ఆయన దగ్గర ఉండిపోయింది. ఊరికే పారేయడం ఎందుకని, కూలి తీసుకోకుండా మా బావ తలాపున కూడా ఒక చిన్న గుమ్మటం పోసిపెట్టాడు. దాని కింద దీపం పెట్టుకోవడానికి గూడు చేశాడు. సున్నం కొట్టాడు. దూరం నుంచి చూస్తే ఎవరో పెద్దవాళ్ల సమాధిలా ఉండేది. దగ్గరికి వస్తే మా బావది.

బోర్లు ఎండిపోయాయి. అక్కకు ఒకటే కూతురు, పులివెందుల దగ్గర చీనీ తోటలో ఉంటుంది, అల్లుడు మంచివాడు. ఇక్కడ చేను చూసేవాళ్లు లేరు. కంపెనీ ఓనరు తానే ఇంటికి వచ్చి, నులక మంచం మీద కూర్చుని, మజ్జిగ తాగి, చేను అడిగాడు. అక్క ధర గురించి ఎక్కువ మాట్లాడలేదు, అది అల్లుడు చూసుకున్నాడు. ఆమె పెట్టిన షరతు ఒకటే. సమాధి కదిలించకూడదు, దాని పక్కన తన పొడుగు జాగా వదిలిపెట్టాలి, కాలం తీరినప్పుడు తనను అక్కడ పెట్టనివ్వాలి. ఓనరు అక్క చేతులు పట్టుకుని మాటిచ్చాడు. మాట తప్పాడని నేను అనను. ప్లాట్లు వేసినప్పుడు ఎట్లాగూ కొంత జాగా పార్కుకు వదలాలట, ఆ పార్కును ఈ మూలకు జరిపాడు. సమాధి నిలబడింది, జాగా మిగిలింది. అక్క చేను రాసిచ్చి కూతురి దగ్గరికి వెళ్లిపోయింది.

తర్వాత జరిగింది ఎవరూ కావాలని చేసింది కాదు. చేను చదును చేయడానికి వచ్చిన జేసీబీకి సమాధి దగ్గరే ఆయిల్ పైపు పగిలింది. బాగు చేయించుకుని మళ్లీ వస్తే, ఈసారి బకెట్టు పన్ను విరిగింది. కింద నాపరాయి ఉందని చెప్పాను కదా, మా బావ నాగలి కూడా అక్కడ విరిగింది, ఆయన తిట్టిన తిట్లు రోడ్డు మీదికి వినపడ్డాయి. జేసీబీ డ్రైవరు వేరే జిల్లావాడు, ఆయనకు ఇదంతా తెలియదు. కర్పూరం వెలిగించి, టెంకాయ కొట్టి, కొత్త పన్ను బిగించుకుని, కొంచెం అవతలి నుంచి తవ్వాడు. బండి ఆగలేదు. టెంకాయ వల్లే అన్నాడు.

వెంచరులో మొదటి ప్లాటు కొన్నది రిటైరైన హెడ్మాస్టరు. పార్కుకు ఎదురుగా ఉండే మూల ప్లాటు. నెమ్మదైన మనిషి, పాఠం చెప్పినట్టు మాట్లాడతాడు. బ్రహ్మంగారి మఠానికి ఏటా పోయి వస్తాడు. మా వైపు సమాధి అంటే అట్లాంటిట్లాంటి సంగతి కాదు. మహానుభావులు చచ్చిపోరు, సమాధిలోకి పోయి కూర్చుంటారని చిన్నప్పటి నుంచి విన్నవాళ్లం. గుమ్మటం ఉంది, దీపపు గూడు ఉంది, జేసీబీని నిలబెట్టింది. హెడ్మాస్టరు ఇంకేమనుకుంటాడు. ఆయన దండం పెట్టాడు. ఆయన పెట్టాడని ప్లాటు చూడటానికి వచ్చినవాళ్లు పెట్టారు. దండం పెట్టిన తర్వాత బేరం ఎక్కువ ఆడేవాళ్లు కాదని కంపెనీ మేనేజరు తర్వాత నాతో చెప్పాడు. మేనేజరు కోస్తా వైపు నుంచి వచ్చినవాడు, ప్రతి మాటకూ అండి అంటాడు, చిన్న వయసు, మర్యాదస్తుడు. వాళ్లు కస్టమర్లకు ఇచ్చే రంగు కాగితంలో మా బావను ధ్యాన మందిరం అని బొమ్మ వేశారు. పార్కు చుట్టూ ఉండే ప్లాట్లు ముందు అమ్ముడుపోయాయి.

ఇవేవీ అప్పటికి మాకు తెలియవు. బావ తిథికి అక్క పులివెందుల నుంచి బస్సులో జమ్మలమడుగుకు వచ్చింది, నేను ప్రొద్దుటూరు నుంచి పోయాను, ఇద్దరం ఆటోలో వెంచరు గేటు దగ్గర దిగాం. వాచ్‌మేను మీది ఏ ప్లాటని అడిగాడు. అక్క పార్కు వైపు చెయ్యి చూపించింది. స్వామి దర్శనానికా అని లోపలికి వదిలాడు.

సమాధికి పసుపు రంగు వేసి ఉంది. గుమ్మటానికి పూలమాల ఉంది. కొత్త బోర్డు ఒకటి ఉంది. అక్కకు చదువు రాదు, ఏముందో చెప్పమంది. నేను ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాను. శ్రీశ్రీశ్రీ గుమ్మటం స్వామి వారి సజీవ సమాధి అని ఉంది.

"సజీవమంటే ఏందే?" అంది అక్క.

"బతికుండంగానే సమాధిలోకి పోయినాడని."

అక్క కొంచెంసేపు బోర్డును చూసింది. "బతికుండంగానే పూడ్సినామా మనం?" అని అడిగింది. లేదక్కా, డాక్టరు చూసినాడు గదా అన్నాను.

అక్క ప్రతి ఏడూ తెచ్చినట్టే బావకు ఇష్టమైన బోటి కూర, జొన్న రొట్టె క్యారియర్లో తెచ్చింది. మూత తీయగానే వాసన పోయింది. ఎదురింట్లోంచి హెడ్మాస్టరు భార్య పరుగున వచ్చి, స్వామి ముందర మాంసం పెట్టకూడదమ్మా, ఆయనకు గిట్టదు అంది.

"ఆ మాట ఆయప్పకు చెప్పినారా?" అంది అక్క.

ఆమెకు అర్థం కాలేదు. మేం ఎవరమో చెప్పాను. ఆమె నమ్మలేదు. నమ్మకపోయినా మంచినీళ్లు ఇచ్చి, ప్రసాదం పెట్టి పంపింది. ఆ కూరను జమ్మలమడుగు బస్టాండులో కూర్చుని ఇద్దరం తిన్నాం.

ఆ తర్వాత అసలు సంగతి వచ్చింది. శ్రావణమాసం మొదలైన వారంలో మేనేజరు నాకు ఫోను చేశాడు. వెంచరును కంపెనీ అసోసియేషనుకు అప్పగించేసిందట, హెడ్మాస్టరే ప్రెసిడెంటట. సమాధి చుట్టూ భజనకు కూర్చోవడానికి నాపరాళ్లు పరిచి, కమ్మీల కంచె పెట్టి, గేటుకు తాళం వేస్తారట. అక్క కోసం వదిలిన జాగా కూడా ఆ రాళ్ల కిందికి పోతుంది. ఓనరు ఇచ్చిన మాట మేనేజరుకు గుర్తుంది, కానీ ఇప్పుడు మా చేతిలో లేదండి అన్నాడు. అక్కకు చెప్పాను. అక్క విని ఫోను పెట్టేసింది. శనివారం ప్రొద్దుటూరుకు వచ్చింది. ఆ రోజు సాయంత్రం అంగట్లో ఏదో కొనాలంటే తోడు పోయాను. రాత్రి మా ఇంట్లో నా పక్కనే పడుకుని గురక పెట్టి నిద్రపోయింది. తెల్లవారి ఆదివారం వెంచరుకు పోయాం.

మొదట రాసిన ఎనిమిది గంటలు అదే. మేం పోయేటప్పటికి హెడ్మాస్టరూ ఆయన భార్యా స్నానం చేసి వచ్చి ఉన్నారు. మేనేజరు కంపెనీ కారులో వచ్చాడు, ఆ పొద్దు ఎవరికో ప్లాట్లు చూపించాలట. రాళ్లు పరచడానికి పిలిపించిన మేస్త్రీని చూస్తే, గుమ్మటం పోసిన సాయిబే. గడ్డం నెరిసింది. అక్కను చూసి సలాం చేసి, తాను కట్టిన సమాధికి ఈ పసుపు రంగేందమ్మా అని మెల్లగా అడిగాడు. తర్వాత చెప్తానన్నాను.

అక్క మంచిగానే మొదలుపెట్టింది.

"సారూ, మీరు సదువుకున్నోళ్లు. ఈడుండేది స్వామి కాదు, నా మొగుడు. ఈ పక్కన జాగా నాది. రాళ్లు ఆపండి."

హెడ్మాస్టరు కోప్పడలేదు. చేతులు కట్టుకుని విన్నాడు. అవధూతలను కట్టుకున్న ఆడవాళ్లకు వాళ్లెవరో తెలియదు తల్లీ, అది కూడా వాళ్ల మాయే అన్నాడు. అక్క ఆయన పేకాట సంగతి చెప్పింది. లోకమంతా ఆటేనని చూపించడానికి ఆడి ఉంటాడని హెడ్మాస్టరు అన్నాడు. శనివారం కూడా మాంసం తినేవాడని చెప్పింది. భేదం లేనివాళ్లకు వారాలేముంటాయన్నాడు. నోరు తెరిస్తే బూతులని చెప్పింది. పెద్దవాళ్లు తిడితే పాపాలు పోతాయని హెడ్మాస్టరు భార్య అందుకుంది. తాను గురక పెడతానని ఎండాకాలం వానాకాలం లేకుండా బయటే పడుకునేవాడని అక్క చెప్పింది. హెడ్మాస్టరు కళ్లు మూసుకుని, విరాగి అన్నాడు. ఎనుము సంగతి కూడా చెప్పింది. ఇంట్లో పాడిని కూడా వదిలేసినాడా అని ఆయన ముక్కు మీద వేలు వేసుకున్నాడు. మా అక్క ఏది చెప్పినా మా బావ ఒక మెట్టు పైకే పోతున్నాడు. బతికుండగా ఆయనకు ఇంత పేరు రాలేదు.

మేనేజరు మధ్యలో పడ్డాడు. ఇద్దరికీ నొప్పి లేకుండా చేద్దామండి అన్నాడు. రాళ్లు పరిచినా, కాలం వచ్చినప్పుడు ఒకటి రెండు రాళ్లు లేపి అమ్మగారిని అక్కడే పెడదాం, పైన చిన్న మండపం కడదాం, ఖర్చు కంపెనీదే అన్నాడు. హెడ్మాస్టరుకు ఆ మాట నచ్చింది. కాకపోతే స్వామి వారి పక్కన మామూలు మనిషిని పెడితే బాగుండదు. కాబట్టి అక్క ఈ పొద్దు నుంచే మాంసం మానేయాలి, బేస్తవారం భజనకు వచ్చి కూర్చోవాలి, అందరూ అమ్మగా చూసుకుంటారు, ఆ తర్వాత స్వామితో పాటు పూజ అందుకుంటుంది అన్నాడు. ఆయన భార్య అప్పటికే వంగి అక్క కాళ్లకు దండం పెట్టేసింది. అక్క కాళ్లు వెనక్కి లాక్కుంది. వాళ్లు ఇస్తామన్నది చిన్నదేమీ కాదు. అడిగిన జాగా ఇస్తున్నారు, పైన మండపం కూడా. నేనైతే ఒప్పుకునేదాన్నేమో.

అక్క మైకు చూసింది. భజనకని వేపచెట్టుకు కట్టిన మైకు.

"బేస్తవారం బేస్తవారం మీరు ఈడ మైకు పెడ్తే, మేమెప్పుడప్పా మాట్లాడుకోవాల?" అంది.

అక్క గుమ్మటం వైపు తిరిగింది, మళ్లీ హెడ్మాస్టరు వైపు తిరిగింది. గొంతు మారలేదు, కూరగాయలు అడిగినట్టే అడిగింది.

"సారూ, స్వామి కల్లోకి వస్తే, ఆయన చెప్పినట్టు చేయాల్నా, చేయకూడదా?"

"చేయాల తల్లీ. చేయకుంటే ఎట్లా?"

"రాత్రి నా కల్లోకి వచ్చినాడు. ఈడ శానా గలాటగా ఉండాది, నన్ను చీనీ తోటకు తీస్కపో అన్నాడు."

హెడ్మాస్టరు చెప్పులు విప్పి పక్కన పెట్టాడు. ఎట్లా వచ్చినాడు తల్లీ అని అడిగాడు. నడిచి వచ్చినాడంది అక్క. ఏం కట్టుకోని ఉండాడని అడిగాడు. లుంగీ అంది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. అక్కను మాయలాడి అనుకోవడానికి ఆయనకు వీల్లేదు. అంతసేపూ స్వామి అన్నవాడు ఆయనే, అమ్మ అన్నవాడూ ఆయనే. నిజంగా నమ్మినవాడు కాబట్టే చిక్కుకుపోయాడు. దొంగ భక్తుడైతే ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేవాడు.

మేనేజరు మాత్రం గడియారం చూసుకున్నాడు. పార్కు ఎదురుగా ఇంకా కొన్ని ప్లాట్లు ఉన్నాయండి, కస్టమర్లు దారిలో ఉన్నారండి అని నాతో మెల్లగా అన్నాడు. స్వామి పూర్తిగా వెళ్లిపోతానన్నారా, కొంచెం ఉంటానన్నారా అని అక్కనే అడిగాడు.

"గుమ్మటం మీరే పెట్టుకోండప్పా. అది మేస్త్రీ ఉత్తగా ఇచ్చింది. నాకు మనిషి చాలు" అంది అక్క.

హెడ్మాస్టరు తీర్పు చెప్పాడు. దేహం ఎక్కడికి పోయినా శక్తి ఇక్కడే ఉంటుంది, మహానుభావులకు రెండు చోట్ల ఉండటం పెద్ద పని కాదు అన్నాడు. మేనేజరు అవునండి, రెండు చోట్లండి అన్నాడు. ఎప్పుడు తీసుకుపోతారని అడిగితే, ఇప్పుడే అంది అక్క. గడ్డపార ఉంది, పార ఉంది, మేస్త్రీ ఉన్నాడు.

మేస్త్రీ ఒకసారి నా ముఖం చూశాడు. తవ్వప్పా అన్నాను. ఆయన వాళ్ల దేవుని పేరు చెప్పుకుని, గుమ్మటం కదలకుండా పక్క నుంచి తవ్వాడు. వాచ్‌మేను మన్ను తీశాడు. హెడ్మాస్టరు దంపతులు నామం చెప్పుకుంటూ ప్రదక్షిణం చేశారు. మిగిలింది కొంచెమే. మేస్త్రీ ఒక్కోటి మన్ను దులిపి అందించాడు. అక్క సంచిలోంచి కొత్త పంచె తీసి పరిచింది. కల వచ్చింది శనివారం రాత్రి. పంచె కొన్నది శనివారం సాయంత్రం. బేరమాడింది నేనే.

అక్క ఏడవలేదు. ఎముకలను పంచెలో ఒక్కొక్కటే సర్దింది. "ఇంతేనా" అంది. మేస్త్రీ ఇంతేనమ్మా అన్నాడు. మూట కట్టి ఒళ్లో పెట్టుకుంది. బస్సులో పోతామన్నాం. మేనేజరు ఒప్పుకోలేదు. బస్సు కోసం ఆ మూటతో గేటు ముందర రోడ్డు మీద నిలబడితే వచ్చే కస్టమర్లు చూస్తారని భయం. కంపెనీ కారు ఇస్తానన్నాడు. కస్టమర్లను ఇంకో ఆయన చూసుకునేలా ఫోను చేసి, తానే ముందు సీట్లో డ్రైవరు పక్కన కూర్చున్నాడు. మేస్త్రీని కూడా ఎక్కించుకున్నాం, గుంత తవ్వాలి కదా. కారు తలుపు మీద ఒక మొగుడు, పెళ్లాం, ఇద్దరు పిల్లలు నవ్వుతూ ఇల్లు చూస్తున్న బొమ్మ ఉంది. మా బావ ఆ కారెక్కాడు. ఆయన బతికుండగా కారెక్కింది నాకు గుర్తులేదు.

జమ్మలమడుగు దాటి, ముద్దనూరు మీదుగా పోతున్నాం. నేను ఉండబట్టలేక, నిజంగా కల వచ్చిందా అక్కా అని చెవిలో అడిగాను.

"బతికుండంగా నాతో మాట్లాడనోడు, కల్లోకొచ్చి మాట్లాడ్తాడా" అంది. మెల్లగా అనలేదు. మేనేజరు కిటికీలోంచి కొండలు చూశాడు.

పులివెందుల దగ్గరికి వచ్చేసరికి వాళ్ల విల్లాలు కనపడ్డాయి. అలవాటు కొద్దీ మేనేజరు వెనక్కి తిరిగి చెప్పడం మొదలుపెట్టాడు. ఎన్ని ఉన్నాయి, ఎన్ని మిగిలాయి, పిల్లలకు ఆట స్థలం, పెద్దవాళ్లకు నడిచే బాట, అన్నీ లోపలే ఉంటాయండి, దేనికీ బయటికి రావాల్సిన పని లేదండి. అక్క శ్రద్ధగా విన్నది.

"సచ్చినోళ్లను యాడ పెడ్తారప్పా?" అని అడిగింది.

"దానికి మటుకు బయటికేనండి" అన్నాడు.

తోటకు చేరేసరికి ఎండ ఎక్కింది. అక్క కూతురూ అల్లుడూ గేటు దగ్గరే ఉన్నారు. అల్లుడికి శుక్రవారమే చెప్పి పెట్టిందట, తోట గట్టున చోటు చూసి ముళ్లు కొట్టించాడు. మేస్త్రీ గుంత తవ్వాడు. మా బావను రెండోసారి పెట్టాం. మొదటిసారి కంటే తొందరగా అయింది. కూతురు నీళ్లు చల్లింది. మేనేజరు ఖాళీగా నిలబడలేక తానూ ఒక పిడికెడు మన్ను వేశాడు.

మేస్త్రీ పక్కన ఎంత జాగా వదలాలో కొలవడానికి దారం తీశాడు. అక్క అక్కర్లేదని చెప్పి, కొంగు నడుముకు దోపుకుని, గుంత పక్కన నేల మీద వెల్లకిలా పడుకుంది. మేస్త్రీ తలాపున ఒక రాయి, కాళ్ల దగ్గర ఒక రాయి పెట్టాడు. ఇంకొంచెం అవతలికి జరుగుతాను, మరీ ఆనుకోకూడదు అంది. జరిగింది. రాళ్లు కూడా జరిపాడు. కొలత అయిపోయినా లేవలేదు. కూతురు లేపబోతే నేను వద్దన్నాను. అక్క తల బావ వైపు తిప్పి ఏదో అంటోంది. గట్టిగానే అంటోంది, కానీ మేం అందరం కొంచెం దూరం జరిగాం, అది మాకు చెప్తున్నది కాదు. మేనేజరు ఫోను మోగితే కట్ చేశాడు. చాలాసేపటికి లేచి, చీరకు అంటిన మన్ను దులుపుకుని, చోటు బాగుందప్పా, చదునుగా ఉంది అని మేస్త్రీతో అంది. గుమ్మటం మాత్రం వద్దని చెప్పింది.

జమ్మలమడుగు దారిలో ఇప్పటికీ బేస్తవారం భజన జరుగుతోంది. రాళ్లు పరిచారు, కంచె పెట్టారు. పార్కు ఎదురుగా ప్లాట్లన్నీ అయిపోయాయని మేనేజరు చెప్పాడు. హెడ్మాస్టరు నెలకొకసారి పులివెందుల బస్సెక్కి తోటకు కూడా పోయి దండం పెట్టి వస్తున్నాడట. అక్క ఆయనకు చీనీ రసం ఇస్తుంది, వచ్చిన పని అయ్యాక కూర్చోనివ్వదు.

ఆ పొద్దు ఉన్నవాళ్లను రాసిపెడుతున్నాను, రేపు ఇంకెవరో తామూ ఉన్నామని చెప్పుకోకుండా. పేర్లు రాయను, ఎవరికి వాళ్లకు తెలుసు. వెంచరులో హెడ్మాస్టరు, ఆయన భార్య, మన్ను తీసిన వాచ్‌మేను. అక్కడా తోటలోనూ ఉన్నవాళ్లు మేస్త్రీ, కంపెనీ మేనేజరు, కారు తోలిన డ్రైవరు, ఆయన బండి దిగలేదు గానీ ఉన్నాడు. తోటలో అక్క కూతురు, అల్లుడు. రెండు చోట్లా మా అక్క, నేను, మా బావ.